బందరు ఏ పాఠంలో ఉంది?

*ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల సైన్సు, సోషల్ పుస్తకాల్లో చెప్పే సంగతుల్లో చాలావాటికి సాక్ష్యాలు మచిలీపట్నం (బందరు) చుట్టుపక్కలే ఉన్నాయి. పుస్తకం మూసి బయటికి నడిస్తే చాలు.*

పెడనలో అద్దకం షెడ్డు వెనక పొయ్యి మీద పెద్ద రాగి బాన. కట్టెలు ఎగదోస్తూ ఒకాయన, కర్రతో గుడ్డను ముంచుతూ లేపుతూ ఇంకొకాయన. నీళ్లు ముదురు ఎరుపులో కుతకుతలాడుతున్నాయి. యూనిఫాంల్లో వచ్చిన ఏడో తరగతి పిల్లలు పొగకి కళ్లు నులుముకుంటూ చుట్టూ మూగారు. షెడ్డు లోపల టేకు అచ్చులతో పువ్వులు అద్దడం ఇందాకే చూసొచ్చారు. కొన్ని అచ్చులు నల్లగా పడ్డాయి. మిగతావి పడ్డచోట పల్చటి జిగురు పూసినట్టుందే తప్ప చెప్పుకోదగ్గ రంగు కనబళ్లేదు. నాలుగు రోజుల కింద అలాగే అద్ది, ఆరబెట్టి, కాలవలో జాడించిన గుడ్డ ఇప్పుడు బానలో ఉంది. కర్ర పైకి లేచేసరికి ఆ పాలిపోయిన చోటల్లా ఎర్రటి పువ్వులు విచ్చుకుని ఉన్నాయి.

“బాబాయ్, అద్దేటప్పుడు అక్కడ ఎరుపే లేదుగా. ఎక్కణ్నుంచి వచ్చింది?” అంది ముందు నిలబడ్డ పిల్ల.

“అక్కడ పటిక అద్దామమ్మా. పటిక ఉన్నచోట రంగు పట్టుద్ది. లేనిచోట ఉతికితే పోద్ది.”

“మరి నలుపు?”

“తుప్పు. ఇనప ముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి మాగేస్తాం. ముందు గుడ్డకి కరక్కాయ పట్టిస్తాం కదా, దాని మీద ఈ నీళ్లు తగిలితే చాలు, నల్లబడిపోద్ది. కసిమి అంటాం.”

వెంట వచ్చిన మాస్టారు పిల్లల వైపు తిరిగారు. “ఇది మన పుస్తకంలో ఏ పాఠం?” రసాయన మార్పులని ఒకడు, దుస్తుల పాఠమని ఇంకొకడు. ఇందాకటి పిల్ల మాత్రం, “సోషలండీ. ఇంగ్లీషువాళ్లు ఓడల్లో పట్టుకుపోయింది ఈ గుడ్డే కదా” అంది. ముగ్గురూ చెప్పింది నిజమే. చిక్కల్లా మన పరీక్షల్లో ఈ మూడు జవాబులకీ మూడు వేర్వేరు పేపర్లు ఉండటమే.

సంచి లేని పది రోజులు

ఈమధ్య స్కూళ్లలో, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో బాగా నలుగుతున్న మాట ‘బ్యాగ్‌లెస్ డేస్’. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు ఏడాదిలో పది రోజులు పుస్తకాల సంచి లేకుండా ఊళ్లోని వడ్రంగుల దగ్గరికీ, కుమ్మరుల దగ్గరికీ, తోటమాలుల దగ్గరికీ, కళాకారుల దగ్గరికీ వెళ్లి పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అది ఎలా జరపాలో వివరిస్తూ 2024లో మార్గదర్శకాలూ వచ్చాయి. ‘నో బ్యాగ్ డే’ పేరుతో మన బడుల్లో శనివారాల మాటా వినిపిస్తోంది. చాలాచోట్ల ఆ రోజు డ్రాయింగు, క్విజ్జు, మైదానం శుభ్రం చేయడంతో గడిచిపోతోంది. అదీ తప్పేం కాదు. కానీ బందరులాంటి ఊళ్లో ఆ రోజుని అలా పోనివ్వడం దండగ.

ఎందుకంటే ఈ మూడు తరగతుల పాఠాల పట్టిక ఓసారి తిరగేయండి. ఐదో తరగతి దాకా పరిసరాల విజ్ఞానం పేరుతో కలిసే ఉన్న చదువు, ఆరులో సైన్సు, సోషల్ అని రెండవుతుంది. ఎనిమిదిలో సైన్సు మళ్లీ భౌతిక, జీవ శాస్త్రాలుగా చీలుతుంది. ఆరో తరగతి సైన్సులో ఆహారం, నీరు, పదార్థాలను వేరుచేసే పద్ధతులు, అయస్కాంతాలు, నీడలు, జీవుల ఆవాసాలు. సోషల్‌లో సౌర కుటుంబం, గ్లోబు, పటాలు, ఆంధ్రప్రదేశ్ భూస్వరూపాలు, రాజ్యాల పుట్టుక, స్థానిక పాలన. ఏడులో ఆమ్లాలు-క్షారాలు, శ్వాసక్రియ, ఉష్ణం, నేల ఒకపక్క. కాకతీయులు, విజయనగరం, మొఘలులు, రాజ్యాంగం ఇంకోపక్క. ఎనిమిదిలో వనరులు, వ్యవసాయం, పరిశ్రమలు, కంపెనీ పాలన. మన రాష్ట్ర పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. పిల్లవాడు ఏ పేజీ చదువుతున్నాడో ఇంట్లో అమ్మ ఇట్టే చెప్పేస్తుందనుకోండి.

ఈ జాబితాలో ఒక్కోదానికీ బస్సెక్కి వెళ్లి చూపించడానికి ఈ ప్రాంతంలో ఏదో ఒకటి ఉంది. కొన్నిటికి బస్సు కూడా అక్కర్లేదు.

ఏడో తరగతి పుస్తకం నుంచి జారిపోయిన ఊరు

ఒకప్పుడు దేశమంతటా కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయల్లో ఏడో తరగతి పిల్లలు బందరు గురించి చదివేవారు. ఎన్సీఈఆర్టీ చరిత్ర పుస్తకంలో పట్టణాలు, వర్తకులు, చేతివృత్తులవారి మీద ఒక పాఠం ఉండేది. అందులో మూడు ఊళ్లను దగ్గరగా చూపించారు. హంపి, మచిలీపట్నం, సూరత్. గోల్కొండ సుల్తానుల రేవుగా బందరు ఎలా వెలిగిందో, డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ ఇక్కడ ఎందుకు కొట్టుకున్నారో, చివరికి ఊరు ఎలా వెనకపడిందో పన్నెండేళ్ల పిల్లలకి అర్థమయ్యేలా చెప్పారు.

కరోనా తర్వాత పిల్లల మీద భారం తగ్గించాలని 2022లో ఎన్సీఈఆర్టీ పాఠాలకు కత్తెర వేసింది. ఆ పాఠం మొత్తం పోయింది. ఆ కత్తెరే ఏడో తరగతి సైన్సులో గాలులు-తుఫానుల పాఠాన్నీ, నేల పాఠాన్నీ, నీటి పాఠాన్నీ తీసేసింది. బందరు మనిషి కళ్లతో చూస్తే ఈ జాబితా మన ఊరి మీద పగబట్టి రాసినట్టే ఉంటుంది. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకి ఆ ఉద్దేశం లేకపోవచ్చు. తుఫాను పాఠం ఎక్కువ అనిపించడానికి మాత్రం సముద్రానికి బాగా దూరంగా ఉండాలి.

2024లో ఆరో తరగతికీ, 2025లో ఏడు, ఎనిమిది తరగతులకీ ఎన్సీఈఆర్టీ కొత్త పుస్తకాలు వచ్చాయి. ‘క్యూరియాసిటీ’ అనే ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో పీడనం, గాలులతో కలిపి తుఫాను తిరిగొచ్చింది. సంతోషం.

కంపెనీవాడు తక్కెడ దించి తుపాకి ఎత్తిన చోటు

ఎనిమిదో తరగతి సోషల్‌లో ఈస్టిండియా కంపెనీ కథ ఉంటుంది. పరీక్షలో అడిగేవి ప్లాసీ, బక్సర్. రెండూ గంగ ఒడ్డు సంగతులు. తెలుగు పిల్లలకి అదే కథను బందరుకోటలో మొదటి నుంచి చివరిదాకా చెప్పొచ్చు.

డచ్చివాళ్లు 1606 ప్రాంతంలో ఇక్కడ గిడ్డంగి పెట్టారు. ఇంగ్లీషువాళ్ల ‘గ్లోబ్’ ఓడ 1611లో వచ్చింది. తూర్పు తీరంలో వాళ్లకి దొరికిన తొలి స్థావరాల్లో ఇది ఒకటి. ఫ్రెంచివాళ్లు 1669లో దిగారు. అప్పటికే ఇది అరబ్బులు, పారశీకులు, గోల్కొండ అమీర్లు, తెలుగు కోమట్లు కలిసి మెలిసి బేరాలాడిన రేవు. ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్‌వోల్డ్ ఊరికి ప్రాకారం లేదనీ ఇళ్లు నాసిగా ఉన్నాయనీ ఈసడించాడు. అయినా ఏళ్ల తరబడి ఇక్కణ్నుంచి కదల్లేదు. లాభం అలాంటిది మరి.

వాళ్లకి కావలసింది పెడన బానలో ఇందాక పిల్లలు చూసిన గుడ్డే. యూరప్‌లో దాన్ని చింట్జ్ అని ఎగబడి కొన్నారు. ఎంతగా అంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు మా పొట్ట కొడుతున్నారని రోడ్డెక్కారు. 1720-21లో ఇంగ్లండు పార్లమెంటు అద్దకం నూలు బట్టల వాడకాన్నే నిషేధించింది. నూలు మీద ఉతికినా వెలవని ఎరుపు అద్దడంలో అప్పటికి వాళ్లకి ఇక్కడివాళ్లంత నేర్పు లేదు. ఆ ఎరుపు వేరులోంచి వస్తుంది. దాన్నిచ్చే అలిజరిన్ అనే పదార్థాన్ని జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు 1868లో ప్రయోగశాలలో తయారుచేశారు. ఇవాళ పెడనలో చాలా బానల్లో పడుతున్నది వేరు పొడి కాదు, ఆ అలిజరినే. ఒక రంగు రేణువు వెనకాల ఒక చట్టం, ఒక వలస వ్యాపారం, ఒక రసాయన విప్లవం. దీన్ని ఏ పీరియడ్‌లో చెప్పాలో టైంటేబుల్ వేసేవాళ్లే చెప్పాలి.

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక కంపెనీలు తమ బరువంతా మద్రాసు, కలకత్తా, బొంబాయిల మీదికి మార్చుకున్నాయి. అయినా బందరు కథ అయిపోలేదు. 1750లో ఫ్రెంచివాళ్లు కోటని పట్టారు. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ ఇంగ్లీషు సేనతో బురద నేలల మీదుగా వచ్చి రాత్రికి రాత్రి దాడిచేసి కోట పుచ్చుకున్నాడు. సాయానికి సైన్యంతో బయల్దేరిన నిజాం సలాబత్ జంగ్, గెలిచినవాళ్లతోనే ఒప్పందం చేసుకున్నాడు. బందరు, దాని చుట్టుపక్కల పరగణాలు ఇంగ్లీషువాళ్లకి దక్కాయి. తెలుగు కోస్తా మీద ఫ్రెంచి పట్టు అక్కడితో సడలింది. వర్తకం రాజ్యంగా మారడమంటే ఏమిటో పిల్లవాడికి అర్థం కావాలంటే, కోటలో కూలిన ఆయుధాగారం గోడ పక్కన నిలబెట్టి చెప్పాలి. అక్కడికి దగ్గర్లోనే డచ్చివాళ్ల సమాధులు. వాటి మీద చెక్కిన కుటుంబ చిహ్నాలు, తారీఖులు ఇప్పటికీ చేత్తో తడిమి చదవొచ్చు. పుట్టిన ఊరు హాలండులో, పోయింది బందరులో. ఎంత వయసులో పోయారో తీసివేత చేసి చెప్పమంటే లెక్కల మాస్టారూ సంతోషిస్తారు. చాలామంది చిన్న వయసువాళ్లే. జ్వరాల పాఠం అక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు.

> బాక్స్: రేవులో పదో నెంబరు
>
> తుఫాను వచ్చినప్పుడల్లా టీవీలో ‘మచిలీపట్నం రేవులో ఫలానా నెంబరు ప్రమాద హెచ్చరిక’ అని వింటాం. ఆ నెంబర్ల అర్థం బందరులోనే చాలామంది పెద్దలకి తెలియదు.
>
> 1, 2: సముద్రంలో దూరంగా అల్పపీడనం లేదా తుఫాను ఉంది. 3, 4: రేవుకే ఈదురుగాలులు, తుఫాను తగిలే అవకాశం. 5, 6, 7: ప్రమాదం. 8, 9, 10: తీవ్ర తుఫానుతో పెను ప్రమాదం. 11: హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి.
>
> 5కీ 6కీ, 8కీ 9కీ తేడా గాలి వేగంలో లేదు. తుఫాను నడిచే దారికి రేవు ఎడమ పక్కన పడితే 5 లేదా 8, కుడి పక్కన పడితే 6 లేదా 9. నేరుగా రేవు మీదికో, దగ్గరికో వస్తే 7 లేదా 10. కుడీ ఎడమా ఎందుకు అంత ముఖ్యమో కింద చదవండి.

ఉప్పెన ఏ సబ్జెక్టు?

1977 నవంబర్ 19, శనివారం. తుఫాను తీరం దాటింది దివిసీమలో కాదు, అక్కడికి పడమరగా చీరాల వైపు. కానీ శవాలు లేచింది దివిసీమలో. నాగాయలంక, కోడూరు మండలాల ఊళ్లు, హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది. సముద్రం ఇంటి కప్పుల ఎత్తున లేచి కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. అధికారిక లెక్కల్లోనే పోయినవాళ్లు పదివేల మంది. తాటిచెట్లని కావలించుకుని బతికినవాళ్లు ఇవాళ్టికీ ఆ ఊళ్లలో ఉన్నారు. వాళ్ల మనవలే ఇప్పుడు ఆరు, ఏడు, ఎనిమిది చదువుతున్నారు.

తుఫాను ఒకచోట దాటితే ఉప్పెన ఇంకోచోట ఎందుకొచ్చింది? ఇది సైన్సు ప్రశ్న. జవాబు ఏడో తరగతి స్థాయిదే. ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు గడియారం ముల్లుకి ఎదురుదిశలో తిరుగుతాయి. అందుచేత తుఫాను ముందుకి నడిచేటప్పుడు దాని దారికి కుడిపక్కన ఉన్న తీరం మీదికి గాలి సముద్రం నుంచి నేలవైపు వీస్తుంది, ఎడమపక్కన నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది. చీరాల దగ్గర దాటిన తుఫానుకి దివిసీమ కుడిపక్కన పడింది. దానికి తోడు కృష్ణ వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు వల్ల ఇక్కడ సముద్రం బాగా దూరం దాకా లోతు తక్కువ. తరుముకొచ్చిన నీటికి కిందికి జారే చోటు లేక పైకి లేచింది. లేచిన నీటిని ఆపడానికి డెల్టాలో గుట్టలా, మెట్టలా, అంతా బల్లపరుపు నేల.

మరి అంతమంది ఎందుకు చచ్చిపోయారు? ఇది సోషల్ ప్రశ్న. హెచ్చరిక పల్లెకి చేరే దారి లేదు. చేరినా వెళ్లడానికి గట్టి కట్టడం లేదు. మట్టిగోడలు, తాటాకు కప్పులు ఎవరివో వాళ్ల ప్రాణాలే ఎక్కువ పోయాయి. చేపలు పట్టేవాళ్లు, కూలీలు, ఉప్పు కొటార్లలో పనిచేసేవాళ్లు. తర్వాత జోలె పట్టుకుని ఎన్టీఆర్, ఏఎన్నార్ ఊరూరా తిరగడం, మండలి వెంకటకృష్ణారావు సహాయ పనుల్లో తలమునకలవడం, తుఫాను షెల్టర్లు కట్టడం అన్నీ పెద్దవాళ్లకి గుర్తే.

దీనికి వందేళ్లకు పైగా ముందు, 1864 నవంబర్ 1 రాత్రి, ఇలాంటి ఉప్పెనే బందరు పట్నాన్ని ముంచింది. ఊళ్లో, చుట్టుపక్కల కలిపి ముప్ఫై వేల మంది పోయారని అప్పటి అంచనా. రేవుగా బందరు మళ్లీ తేరుకోలేదు. ఇక 1990 మేలో అదే తీరాన్ని తాకిన తీవ్ర తుఫానులో మరణాలు వెయ్యిలోపు. పెద్ద ఎత్తున జనాన్ని ముందే తరలించారు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ బాపట్ల దగ్గర దాటింది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం వైపు దాటింది. పంటలు పోయాయి, స్తంభాలు కూలాయి. ప్రాణాలు మాత్రం చాలావరకు నిలిచాయి. బందరులో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. అది పంపే తరంగాలు వాన చినుకులకి తగిలి వెనక్కి వస్తాయి. వెనక్కొచ్చిన తరంగంలో తేడాని బట్టి ఆ చినుకులు ఎటు, ఎంత జోరుగా పోతున్నాయో లెక్కగడతారు. 1864 నుంచి 2025 దాకా ఈ తేదీలనీ మరణాలనీ ఒక చార్టు మీద వరసగా రాయిస్తే, చావులు తగ్గుతూ వచ్చాయని పిల్లలే కనిపెడతారు. ఎందుకని వాళ్లే అడుగుతారు.

షెల్టర్లు కట్టకముందు నుంచీ ఉప్పెనకి అడ్డు నిలబడ్డవి మడ అడవులు. సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ వైపు కృష్ణా అభయారణ్యంలో అవి ఇప్పటికీ ఉన్నాయి. ఆవాసాల పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. బురదలో గాలి ఉండదు కాబట్టి మడచెట్టు వేళ్లు కొన్ని కిందికి కాక మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి, ఊపిరికి. తెల్లమడ ఆకుని నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంటుంది. చెట్టు తాగిన ఉప్పునీటిలోని ఉప్పుని ఆకుమీదికి తోసేస్తుంది. ఎండ మండిన రోజున తెల్లటి పలుకులు కంటికే కనిపిస్తాయి. ఈ పరీక్షకి బీకరు, బున్సెన్ బర్నరు అక్కర్లేదు. చేపలు పట్టి తినే ఫిషింగ్ క్యాట్ కూడా ఇక్కడే తిరుగుతుంది. అది కనిపిస్తుందని మాత్రం పిల్లలకి ఆశ పెట్టకండి. రాత్రిపూట తిరిగే జంతువు.

మార్కులు రాని తెలివి

గిలకలదిండి హార్బరు పక్కనుంచి బడికొచ్చే పిల్లల సంగతి ఒకటి చెప్పాలి. అమావాస్యకీ పున్నానికీ పోటు ఎక్కువనీ, అష్టమి నాటికి తగ్గుతుందనీ వాళ్లకి నడక వచ్చినప్పటి నుంచీ తెలుసు. ఏ గాలికి బోటు కదలకూడదో తెలుసు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఎందుకు ఆపుతారో, ఆ 61 రోజులు ఇల్లు ఎలా గడుస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. చంద్రుడి ఆకర్షణ గురించి నాలుగు వాక్యాలు రాయమంటే ఆ పిల్లలే తలొంచుకుంటారు. పుస్తకంలో మాట వేరు, ఇంట్లో మాట వేరు. రెండూ ఒకటేనని ఎవరూ వాళ్లకి చెప్పలేదు.

గుడివాడ వైపు పిల్లలదీ ఇదే కథ. గుడివాడ దాటి నందివాడ, ముదినేపల్లి వైపు వెళ్తే ఒకప్పటి వరిచేలన్నీ చేపల చెరువులు. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున బొచ్చెలు, శీలావతులు నీళ్ల పైకి తేలి నోళ్లు తెరుచుకుని గుటకలేస్తుంటాయి. రైతు ఉలిక్కిపడి లేచి ఇంజను వేసి నీళ్లు చిమ్మిస్తాడు. రొయ్యల చెరువైతే ఏరియేటర్లు గిరగిరా తిరుగుతాయి. ఎందుకు? పగలు నీటిలోని నాచు ఎండ తీసుకుని ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది, ఊపిరి తీసుకోవడం మాత్రం ఆగదు. నాచూ పీలుస్తుంది, చేపా పీలుస్తుంది, అడుగున కుళ్లే మేతా లాగేసుకుంటుంది. సూర్యుడు పొడిచే ముందు నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. ముందురోజు మబ్బేస్తే ఇంకా తక్కువ. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియల పాఠాలు రెండూ ఇందులో ఉన్నాయి. ఒక్కోసారి ఒక్క తెల్లవారుజామున లక్షల రూపాయల సరుకు పోతుంది కాబట్టి ఆ పిల్లలు ఈ పాఠాన్ని మర్చిపోరు. ఇదే చెరువు గట్టు మీద నిలబడి, పక్కవాడి వరిచేనులోకి ఊటనీరు దిగితే ఎవరిని అడగాలి, కొల్లేరులో 2006లో చెరువులు ఎందుకు పగలగొట్టారు అని మొదలుపెడితే సోషల్ పీరియడ్ చాలదు.

1910లోనే బందరు చేసిన పని

చేతిపనినీ చదువునీ కలపాలన్నది కొత్త ఆలోచనలా మాట్లాడుతున్నాం గానీ, బందరుకిది పాతదే. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి ఇక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. వందేమాతరం ఉద్యమం వేడి మీద పుట్టిన బడి అది. పుస్తకాలతో పాటు మగ్గం, వడ్రంగం, రంగుల అద్దకం, చిత్రలేఖనం నేర్పారు. బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ ఛటర్జీ బొమ్మలు నేర్పారు. తర్వాతి కాలంలో అడివి బాపిరాజు దానికి ప్రిన్సిపాల్. హనుమంతరావు వకీలు చదువు చదివి కూడా కోర్టు గడప తొక్కక ఆ బడికే జీవితం ధారపోసి, 1922లో నడివయసులోనే పోయారు. సర్కారు ఉద్యోగానికి పనికిరాని సర్టిఫికెట్టిచ్చే బడికి పిల్లల్ని పంపడానికి ఎంతమంది తండ్రులు ధైర్యం చేస్తారు? ఆనాటి ఆ ఇబ్బందే ఈనాడు బ్యాగ్‌లెస్ డే అనగానే ‘సిలబస్ ఎప్పుడవుతుంది’ అని అడిగే తండ్రి గొంతులో వినిపిస్తుంది. ఆయన్ని తప్పుపట్టలేం. పోటీ పరీక్షలు ఆయన పెట్టినవి కావు.

ఆ కళాశాలలో పాఠాలు చెప్పినవారిలో ఒకరు భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య. జెండా రూపొందించిన మనిషిగా ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆయన పత్తి రకాల మీద పరిశోధన చేసి ‘పత్తి వెంకయ్య’ అనీ, రత్నాల గనుల మీద పనిచేసి ‘డైమండ్ వెంకయ్య’ అనీ పేరు తెచ్చుకున్నారని ఎంతమందికి తెలుసు? నేల, పంట, ఖనిజం, జెండా అన్నీ ఒకే మనిషి బుర్రలో ఉన్నాయి. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీ చేతికి ఆయన ఇచ్చిన నమూనా గురించి సోషల్ పుస్తకం చెప్తుంది. పత్తి సంగతి సైన్సు పుస్తకం చెప్పొచ్చు, చెప్పదు.

> బాక్స్: సంచి లేకుండా ఎక్కడికి?
>
> ఘంటసాల: బౌద్ధ స్తూపం, మ్యూజియం. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన కంటకోస్సిల ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం. రాజ్యాలు, రోమన్ వర్తకం చెప్పడానికి.
>
> పులిగడ్డ: కృష్ణ రెండు పాయలుగా చీలే చోటు. డెల్టా అంటే ఏమిటో ఇక్కడ నిలబెట్టి చూపిస్తే మళ్లీ చెప్పక్కర్లేదు. కాలవని ఏటి మీదుగా దాటించే అక్విడక్టు కూడా ఉంది.
>
> హంసలదీవి: నది సముద్రంలో కలిసే సంగమం. ఒకే రోజు పోటుకీ ఆటుకీ నీళ్లు రుచి చూపించండి.
>
> శ్రీకాకుళం (ఘంటసాల మండలం): ఆంధ్ర మహావిష్ణువు గుడి. ఆముక్తమాల్యద రాయమని కృష్ణదేవరాయలకి కలలో కనిపించిన దేవుడు. ఏడో తరగతి విజయనగరం పాఠానికి.
>
> బందరు రైల్వే స్టేషను: 1908 నాటి లైను చివర. పుణెలో మొదలైన 65వ నెంబరు జాతీయ రహదారి కూడా బందరులోనే ఆగుతుంది. పటాల పాఠానికి వేరే ఖర్చు లేదు.

మళ్లీ పూడిపోదా?

ఎనిమిదో తరగతి పిల్లల్ని తపసిపూడి వైపు తీసుకెళ్తే కొత్త పోర్టు పనులు కనిపిస్తాయి. 2008, 2019, 2023. మూడు శంకుస్థాపనలు, ముగ్గురు ముఖ్యమంత్రులు. మూడోసారి పనులు మొదలయ్యాయి. తొలిదశలో నాలుగు బెర్తులు. సముద్రంలోకి చొచ్చుకెళ్తున్న బ్రేక్‌వాటర్ రాళ్లు, ఇసుక తోడే డ్రెడ్జర్లు. ఇది చూసిన ఏ తెలివైన పిల్లయినా అడిగే ప్రశ్న ఒకటుంది. పాత రేవు ఒండ్రుతో పూడి, ఓడలు మైళ్ల దూరాన లంగరేసుకుని చిన్న పడవల మీద సరుకు దించుకోవాల్సి వచ్చి చచ్చిపోయింది కదా, ఇది పూడిపోదా?

పూడుతుంది. అందుకే పోర్టు ఉన్నన్నాళ్లూ తోడుతూనే ఉండాలి. ఆ ఖర్చు ఓడల రాబడితో తీరాలి. ఇంతవరకు తేలికే. అసలు పేచీ దీని తర్వాత ఉంది. నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టాక కృష్ణ కిందికి తెచ్చే ఒండ్రు బాగా తగ్గిపోయింది. కొత్త మట్టి రాక డెల్టా అంచు చాలాచోట్ల కోతకి గురవుతోంది. ఒకనాడు ఒండ్రు ఎక్కువై రేవు పోయింది, ఈనాడు ఒండ్రు చాలక తీరం పోతోంది. ఒకే నది విషయంలో ఈ రెండూ ఎలా నిజమో ఎనిమిదో తరగతి పిల్ల ఎవరైనా ఒక పేజీలో రాయగలిగితే, ఆ పేపరుకి మార్కులు సైన్సు మాస్టారు వేయాలా, సోషల్ టీచరు వేయాలా అన్నది స్టాఫ్ రూములో కూర్చుని తేల్చుకోవచ్చు.